ఆరు వోల్టుల బండి: సెల్ఫ్ కొడితే ఇంజన్ ఈడుస్తూ తిరుగుతోంది

ఎర్రచక్రం
అందరికీ నమస్కారం. నా దగ్గర 1950 నాటి ఫ్లాట్‌హెడ్ వీ8 (పాత రకం ఎనిమిది సిలిండర్ల ఇంజన్) బండి ఉంది. 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. రెండేళ్లు పట్టి మొత్తం విప్పి, తుప్పు తీసి, రంగు వేసి మళ్లీ బిగించాను. ఇంజన్ రీబోర్ అయింది, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించాను. వైరింగ్ అంతా కొత్తది, బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ మోటర్‌ని కూడా విప్పించి బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) మార్పించాను.

సమస్య ఏమిటంటే, సెల్ఫ్ కొడితే ఇంజన్ "ర్ర్... ర్ర్... ర్ర్" అంటూ ఒక్కో చుట్టూ మోయలేని బరువు మోసినట్టు తిరుగుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగోలా అందుకుంటుంది. ఒక గంట తిప్పి ఆపాక మళ్లీ తీయాలంటే మాత్రం టెన్షన్. రెండుసార్లు తోయించుకోవాల్సి వచ్చింది. చూసినవాళ్లంతా "12 వోల్టులకు మార్చెయ్" అంటున్నారు. నాకేమో బండిని పుట్టినప్పుడు ఉన్నట్టే ఉంచాలని ఉంది. ఏం చేయాలి?

గ్రీజుచేయి
మార్చే ముందు ఒక్క ప్రశ్న అన్నా. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే కేబుల్ ఎంత లావుంది? అది కొత్తదేనా, బండితో వచ్చిందా?

ఎర్రచక్రం
కొత్తదే. ఈ కాలం కార్లకు వేసే రెడీమేడ్ కేబుల్ కొన్నాను. మీద 25 స్క్వేర్ ఎంఎం అని ఉంది. ఎర్త్ కేబుల్ కూడా అదే. పాతవి లావుగా, వంగకుండా ఉండేవి. ఇన్సులేషన్ పగిలిపోయిందని పారేశాను.

రాగితీగ
సమస్యలో సగం అక్కడే ఉందనుకుంటున్నాను. మిగతా సగం ఎక్కడుందో కొలిస్తే తెలుస్తుంది. ముందు ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇంజన్‌ని తిప్పడానికి కావలసిన శక్తి ఎన్ని వోల్టులైనా ఒకటే. వోల్టులు సగమైతే అదే పనికి ఆంపియర్లు రెట్టింపు కావాలి. 12 వోల్టుల బండి 100 ఆంపియర్లతో చేసే పనికి 6 వోల్టుల బండి 200 లాగుతుంది. తీగలో, జాయింట్లో ఉన్న నిరోధం మీద పోయే వోల్టులు ఆంపియర్లను బట్టి ఉంటాయి కాబట్టి అవీ రెట్టింపే. పైగా మన చేతిలో ఉన్నదే 6 వోల్టులు. 12లో అర వోల్టు పోతే పెద్ద లెక్కలోకి రాదు. 6లో ఒక వోల్టు పోయిందంటే ఆరో వంతు పోయినట్టు. అంటే ఒకే తీగ, ఒకే జాయింట్, 6 వోల్టుల బండిలో నాలుగు రెట్లు ఎక్కువ దెబ్బ తీస్తుంది.

ఇక రాగి లెక్క. 25 స్క్వేర్ ఎంఎం రాగి తీగకు మీటరుకు దాదాపు 0.7 మిల్లీ ఓమ్ నిరోధం. 70 స్క్వేర్ ఎంఎం అయితే పావు మిల్లీ ఓమ్. చూడ్డానికి రెండూ సున్నాలాగే కనిపిస్తాయి. 200 ఆంపియర్లు పారినప్పుడు మొదటిది మీటరుకు 0.14 వోల్టు తినేస్తుంది, రెండోది 0.05. అందుకే అప్పట్లో అంత లావు కేబుళ్లు వేశారు. మీరు పారేసిన ఆ లావు తీగ అలంకారం కాదు.

నల్లహుడ్
ఇంత గొడవ ఎందుకండీ. నేను 8 వోల్టుల బ్యాటరీ వేశాను. ఆరేళ్లుగా ఒక్క తిప్పుకే లేస్తోంది. బల్బులు కూడా కాస్త ప్రకాశంగా వెలుగుతున్నాయి.

ఆరువోల్టులు
నల్లహుడ్ గారూ, మీ బండి లేస్తోందంటే సంతోషం. కానీ కొత్తగా వచ్చినవాళ్లు దీన్ని చదివి వెంటనే కొనేయకుండా ఒక మాట. 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్స్ ఉంటాయి. నిండుగా చార్జ్ కావాలంటే దానికి 9.6 వోల్టుల దాకా అందాలి. బ్యాటరీని చార్జ్ చేసే 6 వోల్టుల డైనమో వోల్టేజీని రెగ్యులేటర్ 7.2 నుంచి 7.4 దగ్గర ఆపేస్తుంది. రెగ్యులేటర్‌ని సరిచేయకపోతే ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది. సరిచేస్తే బల్బులు, గేజీలు, రేడియో వాల్వులు రోజూ ఆ ఎక్కువ వోల్టేజీని మోయాలి. ప్రకాశంగా వెలిగే బల్బు త్వరగా కాలిపోతుంది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. 8 వోల్టులు వేస్తే జాయింట్లో ఉన్న లోపం అలాగే ఉండిపోతుంది. అది వేడెక్కుతూనే ఉంటుంది. ఫోర్డ్ అమెరికాలో 1955 మోడళ్ల దాకా 6 వోల్టులే వాడింది, షెవ్రొలే కార్లు 1954 దాకా. మంచు గడ్డకట్టే చోట్ల కూడా ఆ బండ్లు రోజూ పొద్దున్నే లేచి ఉద్యోగాలకు వెళ్లాయి. 6 వోల్టులు చాలవనే మాటను నేను ఒప్పుకోను.

నల్లహుడ్
రెగ్యులేటర్ సరిచేయించాను సార్, 9.5 దగ్గర ఉంది. బల్బులు మాత్రం నిజమే, ఏడాదికి రెండు మారుస్తున్నాను. జాయింట్ల మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. నేనూ కొలిచి చూస్తాను.

రాగితీగ
ఎర్రచక్రం గారూ, కొలిచే పద్ధతి ఇది. మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. గేరు న్యూట్రల్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజన్ అందుకోకుండా డిస్ట్రిబ్యూటర్ నుంచి కాయిల్ మధ్య వైరు తీసి బాడీకి ఎర్త్ చేయండి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు చూడాలి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగండి.

మొదట సెల్ఫ్ కొట్టకుండా బ్యాటరీ వోల్టేజీ చూడండి. చార్జ్ నిండుగా ఉంటే 6.3 దాకా ఉండాలి. తర్వాత సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ రెండు పోల్‌ల మధ్య చూడండి. అదే సమయంలో సెల్ఫ్ మోటర్ టెర్మినల్‌కీ మోటర్ బాడీకీ మధ్య చూడండి. ఈ రెండు అంకెల తేడాయే దారిలో పోతున్న వోల్టులు.

ఇక అది ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. మీటర్ మొనలను ఒక్కో ముక్కకు అటూ ఇటూ పెట్టండి. బ్యాటరీ పోల్ నుంచి క్లాంపుకి, క్లాంపు నుంచి సోలినాయిడ్‌కి (సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్), సోలినాయిడ్‌కి అటూ ఇటూ, అక్కడి నుంచి సెల్ఫ్‌కి. ఎర్త్ వైపు బ్యాటరీ పోల్ నుంచి చాసిస్‌కి, చాసిస్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి. మొనను క్లాంపు మీద కాకుండా సీసపు పోల్ మీదే ఆనించండి, లేకపోతే ఆ జాయింట్ లెక్కలోకి రాదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడే కొలవాలి. కరెంటు పారకపోతే ఎంత చెడ్డ జాయింట్ అయినా సున్నానే చూపిస్తుంది. ఓమ్ మీటర్‌తో చూసి "అంతా బాగానే ఉంది" అనుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

గ్రీజుచేయి
మీటర్ లేనివాళ్లకు నా గురువు నేర్పిన ఉపాయం చెబుతాను. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టి, వెంటనే ప్రతి జాయింట్‌నీ వేలితో జాగ్రత్తగా తాకి చూడండి. ఏది వేడెక్కిందో దొంగ అదే. ఇంకొకటి, లావుపాటి జంపర్ కేబుల్ తీసుకుని ఒక కొస బ్యాటరీ ఎర్త్ పోల్‌కి, ఇంకో కొస నేరుగా సెల్ఫ్ మోటర్ బాడీకి పట్టించండి. ఇంజన్ ఒక్కసారిగా హుషారుగా తిరిగిందంటే ఎర్త్ తప్పే.

వెనకింజన్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది 1963 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు, 6 వోల్టులు. నా సమస్య వేరుగా ఉంది. తాళం తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి లేస్తుంది, లేచినప్పుడు మాత్రం చక్కగా, వేగంగా తిరుగుతుంది. ఇదీ కేబులేనా?

రాగితీగ
కాదు. తిరిగినప్పుడు వేగంగా తిరుగుతోందంటే లావు కేబుల్ దారి బాగుంది. మీ బండిలో బ్యాటరీ వెనక సీటు కింద, సెల్ఫ్ దగ్గరే ఉంటుంది. కానీ సోలినాయిడ్‌ని లాగే సన్న వైరు ముందున్న తాళం స్విచ్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. అరవై ఏళ్ల నాటి వైరు, స్విచ్ కాంటాక్టులు, మధ్యలో జాయింట్లు. సోలినాయిడ్ దగ్గరకు వచ్చేసరికి లాగే బలం మిగలదు.

సెల్ఫ్ దగ్గర 6 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఒకటి పెట్టండి. బ్యాటరీ నుంచి రిలేకి, రిలే నుంచి సోలినాయిడ్ 50 నంబర్ టెర్మినల్‌కి మందమైన వైరు, మధ్యలో ఫ్యూజు. తాళం నుంచి వచ్చే పాత వైరు రిలే కాయిల్‌ని మాత్రమే లాగుతుంది, దానికి అర ఆంపియర్ కూడా అక్కర్లేదు. రిలే కొనేటప్పుడు 6 వోల్టులదేనని చూసుకోండి, 12 వోల్టుల రిలే సరిగా లాగదు.

ఎర్రచక్రం
ఈ రోజు మా అబ్బాయిని కూర్చోబెట్టి కొలిచాను. అంకెలు ఇవి.

సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ 6.32. కొడుతున్నప్పుడు బ్యాటరీ 5.3. అదే సమయంలో సెల్ఫ్ మోటర్ దగ్గర 3.9! అంటే దారిలో 1.4 వోల్టులు పోతున్నాయి.

ముక్కలుగా చూస్తే, పోల్ నుంచి క్లాంపుకి 0.05. క్లాంపు నుంచి సోలినాయిడ్‌కి 0.25. సోలినాయిడ్‌కి అటూ ఇటూ 0.15. అక్కడి నుంచి సెల్ఫ్‌కి 0.10. ఎర్త్ వైపు బ్యాటరీ పోల్ నుంచి చాసిస్‌కి 0.20. చాసిస్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి 0.65.

ఆ చివరిది చూసి నమ్మలేక మూడుసార్లు కొలిచాను. అదే వచ్చింది.

గ్రీజుచేయి
అన్నా, రంగు! చాసిస్‌కి ఎంత అందంగా రంగు వేశారో ఇప్పుడు అర్థమైంది. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. రబ్బరులోంచి కరెంటు పోదు. చాసిస్‌కీ ఇంజన్‌కీ మధ్య అల్లిక ఎర్త్ పట్టీ ఒకటి ఉండాలి. మళ్లీ బిగించారా? బిగిస్తే దాని లగ్గు (కొసన బోల్టు దూరే లోహపు బిళ్ల) కింద రంగు గీకారా? పూర్తిగా విప్పి బిగించిన బండ్లలో నేను చూసిన మొదటి తప్పు ఎప్పుడూ ఇదే. తుప్పుపట్టిన పాత బండి లేస్తుంది, తళతళలాడే కొత్త రంగు బండి లేవదు.

ఎర్రచక్రం
పట్టీ ఉంది, పాతదే మళ్లీ వేశాను. కానీ రంగు గీకలేదు. నిజానికి లగ్గు మీద నుంచి కూడా రంగు కొట్టేశాను.

ఆరువోల్టులు
ఈ అంకెలకు ఉన్న అర్థం గమనించండి. బ్యాటరీ ఇచ్చిన 5.3లో 1.4 అంటే నాలుగో వంతుకు పైగా దారిలోనే వేడిగా పోయింది. ఇదే లోపం 12 వోల్టుల బండిలో ఉంటే ఏడు శాతం కూడా పోదు, ఎవరూ గమనించరు. అందుకే 12కు మార్చగానే "అద్భుతం" అంటారు. లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

రాగితీగ
ఇంకో విషయం. ఇంజన్ తిప్పడానికి ఎంత బరువుగా ఉందో దాన్ని బట్టే మోటర్ ఆంపియర్లు లాగుతుంది. వేగం మాత్రం దానికి అందే వోల్టులను బట్టి ఉంటుంది. మోటర్ లోపలి చుట్లలోనే దాదాపు 2 వోల్టులు పోతాయనుకోండి. 3.9 అందితే తిప్పడానికి మిగిలేది 1.9. అదే 4.9 అందితే 2.9. ఒక్క వోల్టు తేడాతో వేగం ఒకటిన్నర రెట్లు.

చేయాల్సింది ఇది. కేబుళ్లు రెండూ 70 స్క్వేర్ ఎంఎం వేయండి. 50కి తగ్గొద్దు. వెల్డింగ్ కేబుల్ బాగా వంగుతుంది, రాగిదేనా అని తెంపి చూసి కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం కూడా అమ్ముతున్నారు, అది పనికిరాదు. లగ్గులు రాగివి, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు ఏడాదిలో వదులవుతుంది. ఎర్త్ కేబుల్‌ని చాసిస్‌కి కాకుండా నేరుగా సెల్ఫ్ బిగించే బోల్టుకో, గేర్‌బాక్స్ మీది బోల్టుకో తీసుకెళ్లండి. చాసిస్‌కి వేరే పట్టీ వేయండి. సెల్ఫ్ కూర్చునే ముఖం మీద కూడా రంగు ఉంటుంది, అదీ గీకేయండి. ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా తీసి, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

బ్యాటరీకి కట్-ఆఫ్ స్విచ్ ఏదైనా ఉందా? చవకరకం అయితే అదొక్కటే పావు వోల్టు తినేస్తుంది.

గ్రీజుచేయి
కేబుళ్లు తీసేటప్పుడు ముందు ఎర్త్ వైపు తీయండి. మీ బండిలో అది పాజిటివ్. అలవాటుగా నెగెటివ్ మీదకు చెయ్యి పోతుంది, స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అక్కడ నిప్పు ఆటలు వద్దు.

వెనకింజన్
ఒక చిన్న సందేహం. పాజిటివ్ ఎర్త్ బండికి బ్యాటరీ తలకిందులుగా పెడితే సెల్ఫ్ వెనక్కి తిరుగుతుందా?

రాగితీగ
తిరగదు. అది సిరీస్ వైండింగ్ మోటర్. ఆర్మేచర్‌లోనూ (తిరిగే భాగం) ఫీల్డ్ కాయిల్‌లోనూ (దాని చుట్టూ కదలకుండా ఉండే చుట్లు) కరెంటు ఒకేసారి తారుమారవుతుంది కాబట్టి అదే దిశలో తిరుగుతుంది. అందుకే చాలామందికి తప్పు చేసినట్టే తెలియదు. డైనమో మాత్రం పాత పోలారిటీలోనే ఉంటుంది, అప్పుడు కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్) కాంటాక్టులు కాలిపోతాయి. ఇగ్నిషన్ కాయిల్ నుంచి నిప్పు కూడా బలహీనపడుతుంది.

ఎర్రచక్రం
పది రోజుల తర్వాత వస్తున్నాను. 70 కేబుళ్లు వేశాను. ఎర్త్‌ని సెల్ఫ్ బోల్టుకే తెచ్చాను. ఇంజన్‌కీ చాసిస్‌కీ కొత్త అల్లిక పట్టీ. రంగు గీకేటప్పుడు ప్రాణం చివుక్కుమంది గానీ గీకాను. సోలినాయిడ్ విప్పి చూస్తే లోపలి రాగి బిళ్ల ఒకవైపు కాలి గుంతలు పడి ఉంది. తిప్పి వేశాను, రెండో వైపు శుభ్రంగా ఉంది.

ఇప్పుడు సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 5.3, మోటర్ దగ్గర 4.9. పొద్దున్న చల్లటి ఇంజన్ రెండో చుట్టుకే అందుకుంది. చెప్పలేనంత సంతోషం.

కానీ వేడి సమస్య పోలేదు. గంట తిప్పి, పది నిమిషాలు ఆపి, మళ్లీ కొడితే పాత బద్ధకమే. మునుపటికంటే నయం, అంతే.

ఆరువోల్టులు
వేడి మీద వచ్చేది రెండో జబ్బు. ముందు టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పు పడే సమయం, చూడండి. కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టండి, తర్వాత పెట్టి కొట్టండి. వైరు తీస్తే సాఫీగా తిరిగి, పెడితే ఎదురు తన్నినట్టు ఆగి ఆగి తిరిగితే టైమింగ్ ముందుకు జరిగి ఉంది.

వైరు తీసినా భారంగానే ఉంటే ఆంపియర్లు కొలవండి. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి, మామూలు టంగ్ టెస్టర్ ఏసీ ఒక్కటే చూపిస్తుంది. నెమ్మదిగా తిరుగుతూ ఆంపియర్లు తక్కువగా ఉంటే దారిలో నిరోధం. నెమ్మదిగా తిరుగుతూ ఆంపియర్లు ఎక్కువగా ఉంటే మోటరో ఇంజనో బిగుసుకుంటోంది.

ఎర్రచక్రం
వైరు తీసినా, పెట్టినా ఒకటే. మీటర్ అరువు తెచ్చి కొలిచాను. చల్లగా 210 ఆంపియర్లు. వేడి మీద 330! బ్యాటరీ కూడా 4.7కి పడిపోతోంది. రీబోర్ చేసిన ఇంజన్ వల్లేనా?

గ్రీజుచేయి
కొత్త రీబోర్ అయితే చల్లగా ఉన్నప్పుడు కూడా కొంత బిగువు తెలియాలి. చల్లగా 210 అంటే ఇంజన్ బాగానే ఉంది. స్పార్క్ ప్లగ్‌లు తీసి, వేడి మీద చేత్తో క్రాంక్ తిప్పి చూడండి. సాఫీగా తిరిగితే సెల్ఫ్‌ని దింపండి. బ్రష్‌లు మార్పించానన్నారు, బుష్‌లు (షాఫ్ట్ కొసలను పట్టి ఉంచే లోహపు గొట్టాలు) మార్చారా? బుష్ అరిగితే ఆర్మేచర్ ఒక పక్కకు ఒరిగి చుట్టూ ఉన్న ఇనుప పోల్ ముక్కలకు రాసుకుంటుంది. ఎగ్జాస్ట్ పక్కన వేడెక్కి లోహం వ్యాకోచిస్తే ఆ రాపిడి ఇంకా పెరుగుతుంది. పైగా రాగి 60 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధమే పావు వంతు దాకా పెరుగుతుంది.

ఎర్రచక్రం
దింపాను. ఆర్మేచర్ మీద ఒక పక్క అద్దంలా మెరుస్తున్న గీతలు, పోల్ ముక్క మీద కూడా అదే మెరుపు. షాఫ్ట్‌ని చేత్తో కదిపితే అటూ ఇటూ ఊగుతోంది. పని చేసినవాళ్లు బ్రష్‌లు మార్చి, బయట రంగు వేసి ఇచ్చేశారు. బుష్‌లను ముట్టుకోలేదు.

గ్రీజుచేయి
కంచు బుష్‌లు రెండూ మార్చండి. వేసే ముందు ఒక రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి, అవి నూనె పీల్చుకునే రకం. బ్రష్‌లు కూడా ఒకసారి చూడండి. సెల్ఫ్ బ్రష్‌లలో రాగి పాలు ఎక్కువ, ఎర్రగా మెరుస్తాయి. డైనమోకి వేసే నల్ల కార్బన్ బ్రష్‌లు సైజు సరిపోయాయని సెల్ఫ్‌కి వేసేస్తుంటారు. వాటి నిరోధం చాలా ఎక్కువ.

ఎర్రచక్రం
బ్రష్‌లు నల్లవే! ఫొటో తీసి నా దగ్గరున్న పాత వాటితో పోల్చి చూశాను. పాతవి ఎర్రగా ఉన్నాయి.

నల్లహుడ్
ఈ చర్చ చదివాక నా బండి కూడా కొలిచాను. ఎర్త్ వైపు ఒక వోల్టు పోతోంది. ఆరేళ్లుగా దాని మీద 8 వోల్టులు తోస్తూ వచ్చాను. ఎర్త్ సరిచేసి 6 వోల్టుల బ్యాటరీ అరువు తెచ్చి పెట్టాను, లేచింది. రెగ్యులేటర్‌ని మళ్లీ 7.2కి తెప్పిస్తున్నాను. ఆరువోల్టులు గారికి ధన్యవాదాలు.

వెనకింజన్
రిలే పెట్టాను. రెండు వారాల్లో ఒక్కసారి కూడా "టక్" అనలేదు.

ఎర్రచక్రం
బుష్‌లు, సరైన బ్రష్‌లు వేసి బిగించాను. ఈ రోజు ఎండలో గంటన్నర తిప్పి, కావాలనే పది నిమిషాలు ఆపి సెల్ఫ్ కొట్టాను. 230 ఆంపియర్లు, బ్యాటరీ 5.2, మోటర్ దగ్గర 4.8. మూడో చుట్టుకు అందుకుంది. మళ్లీ ఆపాను, మళ్లీ కొట్టాను, మళ్లీ అందుకుంది. మా అబ్బాయి పక్కన నిలబడి ఏడుసార్లు లెక్కపెట్టాడు.

ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టాను. వచ్చే ఏడాది మళ్లీ కొలిచి పక్కనే రాస్తాను.